సముద్రం లేని దీవులు.. మన ఊరి పక్కనే!

జాతరకో, పెళ్లికో ఎలాగూ ఊరెళతాం. ఆ రెండు మూడు రోజుల్లోనే ఒక ‘దీవి’ని, అందులో బతికే జీవాల్ని చూసి రావచ్చు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం చుట్టుపక్కల వేసవి చివర్లో కనిపించే లోకం ఇది. కాకపోతే అక్కడ మనం అతిథులం. ఆ మర్యాద తెలుసుకునే వెళ్లాలి.

మే నెల వచ్చిందంటే ఆఫీసుల్లో లీవు అడిగేవాళ్లు రెండు రకాలు. ఒకరు అండమానో, మాల్దీవులో, బాలియో టికెట్లు బుక్ చేసుకున్నవాళ్లు. రెండోవాళ్లు ‘మా కజిన్ పెళ్లి’, ‘మా ఊరి జాతర’ అంటూ బస్సెక్కేవాళ్లు. మొదటివాళ్ల ఫొటోలకి లైకులెక్కువ. రెండోవాళ్ల ఫోన్లలో భోజనాల బంతి ఫొటోలు, మైక్ సౌండుతో పాడైపోయిన వీడియోలు. అంతేనా? కాదు. ఈ రెండోవాళ్లు వెళ్లేది కూడా దీవులకే. చుట్టూ సముద్రం ఉండదు, అంతే తేడా.

పెళ్లిళ్లన్నీ ఇప్పుడే ఎందుకు?

వేసవి చివర అంటే మన లెక్కలో రోహిణి కార్తె నుంచి ఆరుద్ర కార్తె దాకా. మే ఆఖరి వారం నుంచి జూన్ ఆఖరి వరకు. ఇంకొన్నాళ్లకి ఆషాఢం వచ్చేస్తుంది. ఆషాఢంలో పెళ్లి ముహూర్తాలుండవు కాబట్టి ఉన్న నాలుగు మంచిరోజుల్లోనే పెళ్లిళ్లు, గృహప్రవేశాలు, చెవులు కుట్టించడాలు అన్నీ కుక్కేస్తారు. ఒకే రోజు మూడు పత్రికలు, మూడు ఊళ్లు. పొద్దున మదనపల్లెలో ముహూర్తం, మధ్యాహ్నం పుంగనూరులో భోజనం, సాయంత్రం కుప్పంలో రిసెప్షన్. ఈ సీజన్లో సగం జీతం చదివింపులకే.

వీటికి తోడు గంగమ్మ జాతరలు. పుంగనూరు సుగుటూరు గంగమ్మ జాతరతో మా వైపు వేసవి మొదలవుతుంది. మేలో కుప్పం ప్రసన్న తిరుపతి గంగమ్మ జాతర. బెంగళూరు, చెన్నై, హోసూరుల్లో ఉద్యోగాలు చేసేవాళ్లంతా ఆ వారం కుప్పం రైల్లోనే కనిపిస్తారు. చెన్నై-బెంగళూరు లైను మీదున్న ఊరు, మూడు రాష్ట్రాలు కలిసే మూల. జాతర వీధిలో నిలబడితే తెలుగు, తమిళం, కన్నడం ఒకే వాక్యంలో వినబడతాయి. ఇక చౌడేపల్లె దగ్గరి బోయకొండ గంగమ్మకైతే సీజన్‌తో పనే లేదు. కొండ కింద పొంగళ్లు, పుట్టువెంట్రుకలు, మొక్కులు, చెట్ల కింద నాటుకోడి పులుసు ఉడికే వాసన. అమ్మవారి తల మీద పూలు పెట్టి, అవి ఏ పక్కకి జారితే ఆ మాటే ఖాయం అనుకునే ఆచారం ఉందక్కడ. పెళ్లి సంబంధం మొదలుకుని బోరు వేసే చోటు దాకా ఆ పూవునే అడుగుతారు.

ఇంటికెళితే పట్టుచీరల ముచ్చట. నీరుగట్టువారిపల్లె మగ్గం మీద నేసిన చీర పెట్టకపోతే మదనపల్లె వైపు పెళ్లికి నిండుదనం రాదంటారు. విస్తట్లో రాగిసంగటి, ఊరిబిండి, ఓళిగలు. పెరట్లో మాగేసిన మామిడిపండ్లు. ఇంతవరకూ మీకూ తెలిసిందే. ఊరు దాటి పది, ఇరవై కిలోమీటర్లు పోతే ఇదే సీజన్లో ఇంకో కథ నడుస్తుంటుంది.

కొండ కూడా దీవే!

1967లో రాబర్ట్ మెకార్థర్, ఎడ్వర్డ్ విల్సన్ అనే ఇద్దరు అమెరికన్ శాస్త్రవేత్తలు దీవుల మీద ఒక పుస్తకం రాశారు. అందులోని పాయింటు సింపుల్. దీవి పెద్దదైతే ఎక్కువ జాతులు బతుకుతాయి. చిన్నదైతే, ఒడ్డుకి దూరమైతే తక్కువ. ఒకసారి ఒక జాతి అంతరించిపోతే, దాని చోటికి బయటినుంచి మళ్లీ రావడం కష్టం. తర్వాత వచ్చినవాళ్లు ఇదే లెక్కని నేల మీదా చూశారు. చుట్టూ పొలాలు, మధ్యలో ఒక అడవి ముక్క. చుట్టూ ఎండిన మైదానం, మధ్యలో ఒక చల్లటి కొండ. అందులో బతికే జీవికి ఆ పొలమూ, ఆ మైదానమూ సముద్రం లాంటివే. దాటడం కష్టం.

మదనపల్లెకి దాదాపు ముప్పై కిలోమీటర్ల దూరంలోని హార్స్‌లీ హిల్స్ సరిగ్గా అలాంటి దీవి. ఎత్తు పన్నెండు వందల మీటర్ల పైమాటే. కింద మదనపల్లె టమాటా మార్కెట్లో చెమటలు కారుతుంటే పైన సాయంత్రానికి చలిగాలి. పంతొమ్మిదో శతాబ్దంలో కడప కలెక్టరుగా పనిచేసిన డబ్ల్యూ.డి. హార్స్‌లీ ఈ చల్లదనానికే ముచ్చటపడి ఇక్కడ ఇల్లు కట్టుకున్నాడు. ఆయన పేరు కొండకి అతుక్కుపోయింది.

అంతకుముందు పేరు ఏనుగు మల్లమ్మ కొండ. మల్లమ్మ అనే పిల్లని ఏనుగులే సాకాయనీ, ఆమె కొండ మీది జనాలకి జబ్బు నయం చేసేదనీ, ఒకరోజు ఉన్నట్టుండి కనిపించకుండా పోయిందనీ కథ. ఆమె గుడి ఇప్పటికీ ఉంది. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, ఏనుగుల దగ్గరికి మళ్లీ వద్దాం.

హార్స్‌లీ హిల్స్ వెళ్లినవాళ్లు వ్యూపాయింటు దగ్గర సెల్ఫీ, గాలిబండ మీద రీలు తీసుకుని వచ్చేస్తారు. కానీ ఈ కొండని పక్షుల ప్రేమికులు వెతుక్కుంటూ వచ్చేది ఒక చిన్న పిట్ట కోసం. పసుపు గొంతు పిగిలిపిట్ట. మన ఇంటిముందు కరెంటు తీగ మీద కూర్చునే పిగిలిపిట్టకి కజిన్. తల, గొంతు పసుపు రంగు. మనిషి అలికిడైతే చాలు, పొదలోకి దూరిపోతుంది. జెర్డన్ అనే వైద్యుడు 1845లో దీన్ని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. పాత పుస్తకాల్లో తెలుగు పేరు కూడా ఉంది, ‘కొండ పొద పిగిలి’. పేరులోనే అడ్రసు! బండరాళ్ల కొండలు, వాటి మధ్య ముళ్లపొదలు, పండ్ల చెట్లు. దక్షిణ భారతంలోని ఇలాంటి కొండల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా ఉండదు. అంతరించే ముప్పున్న జాతుల జాబితాలో ఉంది.

ఎందుకు ముప్పు? ఒక కొండకీ ఇంకో కొండకీ మధ్య మైదానమే దానికి సముద్రం. ఒక్కో కొండ గ్రానైట్ క్వారీగా మారినప్పుడల్లా దాని మ్యాపులో ఒక దీవి మునిగిపోయినట్టే. మన వంటింటి గట్టు మీద నున్నగా మెరిసే నల్లరాయి కూడా ఇలాంటి ఏదో ఒక కొండలోంచి వచ్చిందే.

చూడాలనుకుంటే తెల్లవారి ఆరుకల్లా కొండ మీదుండాలి. ఒక పొద ముందు ఇరవై నిమిషాలు ఊరికే కూర్చోవాలి. రీల్స్‌కి అలవాటుపడిన మనకి అదే అసలు పరీక్ష. ఫోన్లో మెర్లిన్ యాప్ ఉంటే చుట్టుపక్కల కూతలు ఎవరివో చెబుతుంది. కానీ అదే ఫోన్లోంచి పిట్ట కూతని స్పీకర్లో పెట్టి పిలవకండి. ఇది గూడు కట్టే కాలం. పక్కింట్లోకి ఇంకో మగపిట్ట చొరబడిందనుకుని తిండి మానేసి కంగారుగా తిరుగుతుంది.

ఇక్కడికి దగ్గర్లోనే ఉన్న రిషివ్యాలీ ఇంకో పాఠం. మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి పేరుతో ముడిపడిన బడి అది. ఒకప్పుడు బోసిగా ఉన్న లోయలో చెక్‌డ్యాములు కట్టి, చెట్లు పెంచి, 1990ల మొదట్లో దాన్ని పక్షుల సంరక్షణ ప్రాంతంగా చేశారు. ఇప్పుడక్కడ రెండు వందలకి పైగా పక్షి జాతులు నమోదయ్యాయి. మునిగిన దీవిని మళ్లీ పైకి తేవచ్చనడానికి ఇంతకంటే రుజువేం కావాలి? అది స్కూలు క్యాంపస్ కాబట్టి అనుమతి లేకుండా లోపలికి వెళ్లకూడదు.

కౌండిన్య.. ఏనుగుల దీవి

పలమనేరు నుంచి కుప్పం వైపు వెళితే రోడ్డుకి అటూ ఇటూ కనిపించే అడవే కౌండిన్య అభయారణ్యం. పాలారులో కలిసే కౌండిన్య నది పేరు మీద 1990 డిసెంబరులో ప్రకటించారు. విస్తీర్ణం సుమారు 357 చదరపు కిలోమీటర్లు. కైగల్ జలపాతం చూడ్డానికి వెళ్లేవాళ్లు ఈ అడవి అంచునే వెళతారు.

ఏనుగులు ఈ వైపు దాదాపు రెండు వందల ఏళ్లు లేవు. 1980లలో హోసూరు, ఆనేకల్ వైపు అడవుల నుంచి మందలుగా కదిలి వచ్చాయి. అక్కడ కరువు, తరిగిపోతున్న అడవి. వచ్చినవాటిలో కొన్ని ఇక్కడే స్థిరపడ్డాయి. మల్లమ్మ కథలో తప్ప ఏనుగుని ఎరగని తరాలు ఒక్కసారిగా చెరకుతోటలో ఏనుగుని చూశాయి. 2003లో కౌండిన్యతో పాటు శేషాచలం వైపు అడవుల్నీ కలిపి రాయల ఎలిఫెంట్ రిజర్వ్‌గా ప్రకటించారు.

ఇక్కడ ఒక చిన్న లెక్క. 357 చదరపు కిలోమీటర్ల అడవి గుండ్రంగా ఉంటే దాని చుట్టుకొలత 67 కిలోమీటర్లు. అదే అడవి 70 కిలోమీటర్ల పొడవు, 5 కిలోమీటర్ల వెడల్పున్న పట్టీలా ఉందనుకోండి, చుట్టుకొలత 150 కిలోమీటర్లు. అంటే విస్తీర్ణం దాదాపు అంతే, సరిహద్దు మాత్రం రెట్టింపు దాటింది. కౌండిన్య గుండ్రటి అడవి కాదు. సన్నగా, పొడవుగా సాగిన అడవి. అందుకే ఎంత కందకం తవ్వినా, ఎంత సోలార్ కంచె వేసినా ఇంకా మిగిలే ఉంటుంది. ఏనుగు ఎటు నాలుగడుగులేసినా ఎవరిదో ఒకరి పొలం.

పెద్ద ఏనుగుకి రోజుకి నూట యాభై కిలోల దాకా మేత, వంద లీటర్లకి పైగా నీళ్లు కావాలి. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండకి అడవిలో కుంటలు ఎండిపోతాయి. సరిగ్గా అప్పుడే ఊళ్లలో పనస పండుతుంది, మామిడి మాగుతుంది, బోరు కింద అరటి పచ్చగా ఉంటుంది. ఆ వాసన దానికి కిలోమీటర్ల దూరం నుంచే తెలుస్తుంది. అంటే మన పండగల సీజనూ, దాని ఆకలి సీజనూ ఒకటే.

తోటలో డీజే, తోట పక్కన ఏనుగు

కుప్పం వైపు అడవి అంచు ఊళ్లలో ఈ సీజన్లో చుట్టాలింట్లో పడుకుంటే, పొద్దున్నే వాట్సాప్ గ్రూపులో వచ్చేది గుడ్ మార్నింగ్ కాదు. ‘ఫలానా చెరువు కాడ ఆరు ఉండాయి. పిల్లల్ని పంపొద్దండి.’ ఒక పెళ్లి ఇంట్లో నేను విన్న మాట ఇది: ‘రాత్రికి తోట కాడ పడుకుంటానంటా ఉండావే, ఏనుగులు తిరగతా ఉండాయి నాయనా, మిద్దె మీద పడుకో.’ ఆ పెద్దాయన గొంతులో భయం లేదు. వానొస్తుంది గొడుగు తీసుకెళ్లు అన్నంత మామూలుగా చెప్పాడు. నలభై ఏళ్ల అలవాటు.

మర్నాడు ఆయన తోట చూపించాడు. డ్రిప్పు పైపులు దారాల్లా తెగి పడున్నాయి. పదిహేనేళ్ల మామిడిచెట్టు కొమ్మ విరిగి తోలుకి వేలాడుతోంది. ‘కాయ తిన్యా బాధ లే. కాయ మళ్లా కాస్తాది. మాను పోతే నేను మళ్లా పదైదేండ్లు బతకాల గదా’ అన్నాడు. ఏనుగుని ‘క్యూట్’ అని స్టేటస్ పెట్టేముందు ఈ మాట కూడా వినాలి.

నష్టం ఒకవైపే కాదు. 2023 జూన్‌లో పలమనేరు దగ్గర రాత్రిపూట హైవే దాటుతున్న మూడు ఏనుగుల్ని కూరగాయల లారీ ఢీకొంది. మూడూ చనిపోయాయి. మన టమాటాలు తెల్లారేసరికి పట్నం చేరాలని పరుగెత్తే రోడ్డే, వాటికి ఒక అడవి ముక్క నుంచి ఇంకో ముక్కకి దారి. 2025 ఫిబ్రవరిలో శివరాత్రికి ముందు అన్నమయ్య జిల్లా ఓబులవారిపల్లె మండలంలో గుండాలకోనకి అడవి దారిన నడిచి వెళ్తున్న భక్తుల మీద ఏనుగులు దాడి చేశాయి. ముగ్గురు ప్రాణాలు కోల్పోయారు. మొక్కు తీర్చుకోవడానికి బయల్దేరినవాళ్లు.

శబ్దం సంగతి కూడా చెప్పుకోవాలి. ఏనుగులు 20 హెర్ట్జ్ కంటే తక్కువ ఉండే శబ్దాలతో కిలోమీటర్ల దూరం నుంచి మాట్లాడుకుంటాయి. అవి మన చెవికి వినపడవు. అడవి అంచు తోటలో రాత్రి పన్నెండుకి డీజే బాక్సులు దద్దరిల్లుతుంటే, బాణసంచా పేలుతుంటే, బెదిరిన మంద ఎటు పరుగెత్తుతుందో ఎవరూ చెప్పలేరు. మీ పెళ్లిపందిరి వైపు రాకపోవచ్చు. పక్క ఊళ్లో నీళ్లు కట్టడానికి పొలానికెళ్లిన రైతు వైపు వెళ్లొచ్చు.

కుంకీలు వచ్చాయి.. చాలునా?

2025 మే 21న బెంగళూరు విధానసౌధ దగ్గర కర్ణాటక ప్రభుత్వం నాలుగు కుంకీ ఏనుగుల్ని మన రాష్ట్రానికి అప్పగించింది. రంజన్, దేవ, కృష్ణ, అభిమన్యు. కుంకీ అంటే శిక్షణ పొందిన ఏనుగు. పొలాల్లోకి వచ్చిన అడవి ఏనుగుల్ని వెనక్కి మళ్లించడం దాని పని. వీటికోసం పలమనేరు దగ్గర ముసలిమడుగులో క్యాంపు ఏర్పాటు చేశారు. అంతకుముందు రామకుప్పం మండలం ననియాల క్యాంపులో జయంత్, వినాయక్ అనే రెండు ఏనుగులు ఈ పని చేసేవి.

ఊళ్లలో వీటి మీద చాలా ఆశ ఉంది. ఉండాల్సిందే కూడా. కానీ కుంకీ మంటలార్పే ఫైరింజన్ లాంటిది. మంట ఎందుకు అంటుకుంటోందన్న ప్రశ్నకి అది జవాబు చెప్పదు. అడవిలో వేసవికి నీళ్లుండాలి. ఒక ముక్క నుంచి ఇంకో ముక్కకి ఏనుగు నడిచే దారి మిగలాలి. రాత్రి హైవే మీద వేగం తగ్గాలి. నష్టపోయిన రైతుకి పరిహారం మళ్లీ నాట్లేసుకునే లోపు అందాలి. చివరిది జరగకపోతే, తెగించినవాడు కంచెకి కరెంటు తీగ తగిలిస్తాడు. అది ఏనుగునీ చంపుతుంది, పక్కింటి మనిషినీ చంపుతుంది.

చినుకు పడితే వచ్చే చుట్టాలు

అన్నీ పెద్ద జీవాలే కానక్కర్లేదు. తొలకరి పడిన మర్నాడు ఊరి బయట ఎర్రనేల మీదికి వెళ్లండి. వెల్వెట్ గుడ్డ ముక్కల్లాంటి ఎర్రటి ఆరుద్ర పురుగులు కనిపిస్తాయి. కార్తె పేరే వాటి పేరు. నిజానికి పురుగు కాదు, ఎనిమిది కాళ్లతో సాలీడు కుటుంబానికి దగ్గరిది. ఏడాదిలో ఎక్కువ కాలం నేల లోపలే ఉండి తొలి వానలకి బయటికొస్తుంది. పిల్లలు అరచేతిలో పెట్టుకుని ఆడుకున్నాక ఎక్కడ తీశారో అక్కడే వదలమనండి.

మేఘం పట్టిందంటే నలుపు తెలుపుల పిట్ట, తల మీద చిన్న కుచ్చు. అదే చాతకం. వాన చినుకులే తాగి బతుకుతుందని కవులు చెప్పిన పక్షి. ఉత్తర భారతానికి వచ్చేవి రుతుపవనాలతో పాటు ఆఫ్రికా నుంచి సముద్రం దాటి వస్తాయి. దక్షిణాదిలో ఏడాదంతా ఉండేవీ ఉన్నాయి. నెమళ్లు పురి విప్పేదీ ఈ నెలల్లోనే. రాత్రిపూట అడవి అంచు చెట్ల మీద పెద్ద గుండ్రటి కళ్లతో మెల్లగా పాకేది దేవాంగపిల్లి. పిల్లి కాదు, కోతులకి దూరపు చుట్టం. మూఢనమ్మకాలతో దాన్ని పట్టి హింసించేవాళ్లు ఉన్నారు. చట్టప్రకారం అది నేరం.

సముద్రం దీవే కావాలా?

అలాగే కానివ్వండి, అండమాన్ దాకా అక్కర్లేదు. తడ దగ్గర భీములవారిపాలెం నుంచి పడవెక్కితే పులికాట్ సరస్సులో ఇరకం దీవి. శ్రీహరికోట కూడా సరస్సుకీ బంగాళాఖాతానికీ మధ్య ఉన్న దీవే. కానీ వేసవి చివర వెళితే నిరాశే. నీళ్లు వెనక్కి పోయి బురద మిగులుతుంది. ఫ్లెమింగోలూ, నేలపట్టు పెలికాన్లూ చూడాలంటే నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య వెళ్లాలి. చలికాలం పెళ్లిళ్లకి ఆ ట్రిప్పు దాచుకోండి. ఈ సీజన్‌కి మన కొండ దీవులే కరెక్ట్.

ఫంక్షన్ మీ ఇంట్లోనే అయితే..

• అడవి అంచు తోటలో వేడుక పెట్టుకుంటే చీకటి పడకముందే ముగించండి. డీజే, బాణసంచా వద్దు. ముందుగా ఫారెస్ట్ బీట్ ఆఫీసులో చెప్పండి. మందలు ఎటున్నాయో వాళ్లకి తెలుస్తుంది.

• మిగిలిన అన్నం, పండ్ల తొక్కలు, పనస తుక్కు తోట చివర పారబోయొద్దు. ఆ రాత్రికే అతిథులొస్తారు.

• సాయంత్రం తర్వాత కుప్పం-పలమనేరు దారిలో బైక్ మీద వెళ్లొద్దు. కారైతే నెమ్మదిగా, హారన్ కొట్టకుండా వెళ్లండి. ఏనుగు కనిపిస్తే దూరంగా ఆపి, దానికి దారి వదలండి. దిగి వీడియో తీయొద్దు.

• ఏనుగులున్న చోటు లొకేషన్‌ని ఇన్‌స్టాలో పెట్టకండి. ఊరి గ్రూపుకి పంపండి. మొదటిది జనాన్ని పోగేస్తుంది, రెండోది ప్రాణం కాపాడుతుంది.

• చూసిన పక్షుల్ని ఈబర్డ్‌లో నమోదు చేయండి. ఏ కొండ మీద ఏ పిట్ట మిగిలిందో తెలియాలంటే అలాంటి లెక్కలే ఆధారం.

• బోయకొండకైనా, హార్స్‌లీ హిల్స్‌కైనా తీసుకెళ్లిన ప్లాస్టిక్ తిరిగి తెచ్చేయండి.

గంగమ్మకి అంబలి పోసేటప్పుడు మా వైపు పెద్దవాళ్లు కోరుకునేది ఒక్క మనుషుల మంచే కాదు. వాన పడాలి, గొడ్డూ గోదా చల్లగుండాలి అంటారు. ఆ లిస్టులోకి ఒక పసుపు గొంతు పిట్టనీ, ఒక ఏనుగుల మందనీ, ఆ మంద తొక్కిన తోట రైతునీ కలపడానికి మనకి కొత్తగా ఖర్చయ్యేదేం లేదు. ఈసారి పెళ్లికి వెళ్లినప్పుడు ఒక్క పొద్దున అలారం ఐదింటికి పెట్టుకోండి. చాలు.